నాన్న కారుకు స్టీరియో

పక్షవాతం వచ్చిన తర్వాత నాన్న నోట ఒకే ఒక్క మాట మిగిలింది. "అదే." మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే, కోపం వచ్చినా అదే. ఆయన ఏమి అడుగుతున్నారో మేమే వెతుక్కోవాలి. గ్లాసు అందిస్తే తల అడ్డంగా తిప్పేవారు. దుప్పటి కప్పితే తోసేసేవారు. చివరికి కిటికీ తలుపు వేస్తే కళ్ళు మూసుకుని ఊపిరి వదిలేవారు. మేము చెప్పేదంతా ఆయనకు అర్థమవుతూనే ఉందని డాక్టర్లు అన్నారు. ఆ మాట విని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా కోస్తా జిల్లాలన్నీ తిరిగి, ఆఖరికి హైదరాబాదులో రిటైరయ్యారు నాన్న. గోపన్‌పల్లి దగ్గర స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. అప్పటికి అది పల్లెటూరే. యూనివర్సిటీ గోడ దాటితే జొన్న చేలు, బండరాళ్ళు. నాకు మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆయనకు ఇలా అయింది. ఇంట్లో ఉండేది మేము ముగ్గురమే: నాన్న, అమ్మ, నేను.

వారంలో రెండు పొద్దుటి పూటలు నాన్నను మెహదీపట్నం వైపున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చేతికీ కాలికీ వ్యాయామం, ఆ తర్వాత మాట నేర్పించే డాక్టరమ్మ దగ్గర కాసేపు. ఆ రోజుల్లో ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని అనుమతి తీసుకున్నాను. కారు నాన్నదే, పాత అంబాసిడర్. గేరు స్టీరింగు పక్కన ఉండే రకం. ముందు సీటు బల్లలా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. అందులో రేడియో ఉండేది కాదు. పెట్టించమని అమ్మ ఎప్పుడైనా అంటే, "ఇంజను ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది, దాన్ని విననివ్వండి" అనేవారు. నిజానికి ఇంజను కంటే ఎక్కువ మాట్లాడేది ఆయనే. దారిలో కనబడే ప్రతి చెరువు దగ్గరా కారు నెమ్మది చేయించి, దీని అలుగు ఎటు, మిగులు నీరు ఏ చెరువులోకి పోతుంది, కట్ట ఎక్కడ బలహీనంగా ఉంది, అన్నీ చెప్పేవారు. నేను సగం వినేదాన్ని.

ఇప్పుడు అవే చెరువుల పక్కనుంచి మేము చడీచప్పుడు లేకుండా వెళ్ళేవాళ్ళం. నాన్న నా పక్కన ఎడమ వైపు, అమ్మ వెనక. పడిపోయిన ఆయన కుడి చెయ్యి మా ఇద్దరి మధ్య సీటు మీద ఉండేది. మలుపు తిరిగినప్పుడల్లా నా వైపు జారేది. దాన్ని తీసి ఆయన ఒళ్ళో పెట్టేదాన్ని. గచ్చిబౌలి దాటాక రోడ్డు వెడల్పు చేయడానికి రాళ్ళు పేలుస్తుండేవారు. ఎర్ర జెండా పట్టుకున్న మనిషి ఆపితే, కార్లూ లారీలూ ఇంజన్లు ఆపుకుని పేలుడు కోసం కాచుకునేవి. ఆ నిశ్శబ్దంలో వెనక సీట్లో అమ్మ ముక్కు ఎగపీల్చుకోవడం వినిపించేది. నాన్న అద్దంలోంచి రాళ్ళ వంకే చూస్తుండేవారు. ఆయనకు వినిపించేదని నాకు తెలుసు.

అలాంటి ఒక పొద్దున్నే, కారులో స్టీరియో పెట్టించాలని అనుకున్నాను. నాన్న కోసమని అమ్మతో చెప్పాను కానీ ఆ మౌనం నేనే భరించలేకపోయాను. లింగంపల్లిలో రైల్వే స్టేషన్‌కు వెళ్ళే రోడ్డు మీద కార్లకు టేపులూ స్పీకర్లూ బిగించే దుకాణం ఒకటి ఉండేది. ఒక ఆదివారం ముగ్గురం అక్కడికి వెళ్ళాం. నాన్నను దింపి ఎక్కించడం కష్టమని ముందు సీట్లోనే కూర్చోబెట్టి ఉంచాం.

బిగించే అతను నడివయసు మనిషి. మెడలో తువ్వాలు. కారు చూసి ముచ్చటపడ్డాడు. వెనక అద్దం కింద స్పీకర్లు పెట్టి, తీగలు సీట్ల కిందినుంచి ముందుకు లాక్కొచ్చాడు. డాష్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"గిది ఇనుప రేకు మేడమ్. పాత బండి గదా, టేపు పెట్టెతందుకు జాగ ఇయ్యలే. ఈడ కోస్తే మంచిగ కూసుంటది." సుద్దముక్కతో రేకు మీద నాలుగు పలకలుగా గీత గీశాడు.

కోయమన్నాను. అతను డ్రిల్లు తీసుకుని నాన్న మోకాళ్ళ మీదుగా లోపలికి వంగాడు. డ్రిల్లు గిర్రుమని తిరగడం, నాన్న ఎడమ చెయ్యి అతని మణికట్టును పట్టుకోవడం ఒకేసారి జరిగాయి.

"అదే! అదే!"

అతను డ్రిల్లు ఆపాడు. "సార్ ఒద్దంటున్నట్టుంది మేడమ్."

"ఏం కాదు నాన్నా, చిన్న కంతే" అన్నాను.

నాన్న చెయ్యి వదల్లేదు. ముఖం ఎర్రబడింది. వెనకనుంచి అమ్మ, "ఆయన్ని ఒక్కమాట అడగొచ్చు కదే. ఆయన కారు" అంది.

అడిగితే ఏం చెబుతారు అని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. కారు చుట్టూ తిరిగి వచ్చి, నాన్న తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగే పద్ధతిలో, అవునో కాదో తలతో చెప్పగలిగేలా అడిగాను.

"స్టీరియో వద్దా నాన్నా?"

కాదన్నట్టు తల తిప్పారు.

"కావాలా?"

ఊపారు.

"మరి రేకు కోయొద్దా?"

ఊపారు. అతని మణికట్టు వదిలి, ఎడమ చెయ్యి డాష్‌బోర్డు కిందికి పోనిచ్చి, అరచేయి పైకి తిప్పి పళ్ళెంలా పట్టారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అలాగే పట్టి, వేళ్ళతో రేకు అడుగున టకటకా కొట్టారు. నేను స్టీరియోను డబ్బాలోంచి తీసి, డాష్‌బోర్డు కింద, ఆయన అరచేయి ఉన్నచోట పట్టుకున్నాను.

"ఇక్కడా? కోయకుండా కిందినుంచి వేలాడదీయాలా?"

"అదే!" అన్నారు.

ఆయన ముఖం ఒక్కసారిగా తేటపడింది. జబ్బు పడ్డాక ఆ మాట సరిగ్గా దాని అర్థంలో పలకడం మొదటిసారి విన్నాను. అది ఆయనకూ తెలిసింది. మళ్ళీ ఒకసారి, నెమ్మదిగా, "అదే" అన్నారు. వెనక సీట్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కణ్ణుంచి పనంతా నాన్న చేయించినట్టే. ఇనుప పట్టీ వంచి తెచ్చి పెడితే, ఇంకా ఎడమకు జరపమని చేత్తో చూపించారు. "గంత దూరం పోతే బండి నడిపేటోళ్ళకు అందదు సార్" అన్నాడతను. నాన్న తన ఎడమ చెయ్యి చాచి, మీటల మీద వేలు ఆనించి చూపించారు. ఆయనకు అందితే చాలు. అతను నా వంక చూశాడు. "ఆయన చెప్పినట్టే బిగించండి" అన్నాను. నెలల తరబడి ఆ ఇంట్లో ఏ దీపం ఎప్పుడు వేయాలో, ఏ కూర వండాలో మేమే అనుకుంటున్నాం. ఆ సాయంత్రం కారులో ఒక వస్తువు ఆయన చెప్పినచోట, ఆయన చేతికి అందేలా నిలిచింది.

అతను తన దగ్గరున్న సినిమా పాటల క్యాసెట్ వేసి వినిపించాడు. నాన్న కాసేపు విని, మీట నొక్కి ఆపేశారు.

నాన్నకు ఇష్టమైనవి పద్య నాటకాలు. వయసులో ఉన్నప్పుడు ఆఫీసు నాటక పోటీల్లో కిరీటం పెట్టుకుని వేషాలు వేసేవారట. నేను చూడలేదు. ఆ పద్యాల క్యాసెట్లు బీరువా పైన ఒక అట్టపెట్టెలో ఉండేవి. తర్వాత ఆసుపత్రికి వెళ్ళే రోజున అమ్మ ఆ పెట్టెను తెచ్చి నాన్న కాళ్ళ దగ్గర పెట్టింది. యూనివర్సిటీ గేటు దాటాక ఆయన వంగి, చాలాసేపు వెతికి, ఒకటి తీసి లోపలికి తోశారు. హార్మోనియం మొదలైంది. ఎవరో గొంతెత్తి పద్యం అందుకున్నారు.

నానక్‌రామ్‌గూడ మలుపు వచ్చేసరికి కారులో రెండో గొంతు వినిపించింది. ముందు అది క్యాసెట్‌లోని వంతపాట అనుకున్నాను. పక్కకు చూస్తే నాన్న పెదవులు కదులుతున్నాయి. పద్యం చివరి పాదం, మాటకు మాట, వంకర లేకుండా, ఆ తర్వాత రాగం. నీరసపు గొంతు. కానీ ఆయన గొంతే. నేను కారును రోడ్డు దింపి ఆపాను. కంకర లారీలు పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. అమ్మ ముందు సీటు వీపు పట్టుకుని ముందుకు వంగింది.

"ఏవండీ! ఏవండీ, మీరేనా?"

నాన్న ఆమె వైపు తిరిగారు. ఏదో చెప్పబోయారు. నోరు తెరిచి, పెదవులు కూడదీసుకుని, "అదే" అన్నారు.

ఆ రోజంతా అమ్మ ముఖంలో వెలుగు ఉంది. రెండో రోజుకు తగ్గింది. మధ్యాహ్నం బియ్యం ఏరుతూ నాతో అంది, "పద్యంలో పాదం పాదమంతా వచ్చిందే. ఎవరో రాసిన అంత పెద్ద పెద్ద మాటలు. నన్ను పిలవడానికి ఒక్క మాట రాలేదు." నాన్న అమ్మను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అనేవారు. వరండాలోంచైనా, సంతలోనైనా, పెళ్ళి పందిట్లోనైనా "ఇదిగో" అంటే చాలు, ఎంతమందిలో ఉన్నా అమ్మ తిరిగి చూసేది. "ఆ మాట ఒక్కటి వస్తే చాలు. ఇంక దేన్నీ అడగను" అంది.

డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "కొంతమందిలో చూస్తుంటామండి. మాటకు దెబ్బ తగిలినా పాట మిగులుతుంది. ఇంట్లో రోజూ వాడే మాటల్ని ఆ బాణీలోనే పాడించి చూడండి. నెమ్మదిగా, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ. వస్తాయని మాత్రం మాట ఇవ్వలేను."

పాడించాల్సింది ఎవరు? నేను బండి నడుపుతాను. ఇక అమ్మే. అమ్మకు పాట రాదు. పూజలో కూడా హారతి పాట వేరేవాళ్ళు అందుకుంటే పెదవులు కదిపి ఊరుకునేది. మొదటిసారి కారులో "మంచినీళ్ళు కావాలి" అని పద్యం ఎత్తుకున్నప్పుడు సిగ్గుతో సగంలోనే ఆపేసింది. నాన్నకు నవ్వు వచ్చింది, జబ్బు తర్వాత సగమే కదిలే ఆ నవ్వు. కానీ ఎడమ చేత్తో మోకాలి మీద తాళం వేశారు. క్యాసెట్‌లో ఒక పద్యం వినేవారు, ఆపేవారు, అమ్మ అదే వరసలో పాడేది, నాన్న అందుకునేవారు. ముందు రాగం వచ్చేది, తర్వాత చివరి అక్షరం, కొన్నాళ్ళకు మాట. రాళ్ళ పేలుడు కోసం ఆగినప్పుడు పక్క కార్లవాళ్ళు అద్దాలు దించి మమ్మల్ని చూసేవారు. అమ్మ తల దించుకుని కూడా పాట ఆపేది కాదు.

చలికాలం వచ్చేసరికి నాన్న పాడి అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. నీళ్ళు కావాలి. నొప్పిగా ఉంది. ఇంటికి పోదాం. పాడకుండా చెప్పమంటే మళ్ళీ "అదే." అమ్మ కోరిన మాట మాత్రం రాలేదు. మూడే అక్షరాలు. 'ఇ' దగ్గరే నాలుక మడతపడేది. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి, అమ్మ ఆ మాట పాడించడం మానేసింది.

అది వచ్చిన రోజున ఎవరం పాడించలేదు. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తున్నాం. టోలీచౌకి దగ్గర రోడ్డు మూసుకుపోయి కార్లన్నీ నిలిచిపోయాయి. క్యాసెట్ ఒక వైపు అయిపోయి ఆగింది. అమ్మ అలసిపోయి వెనక తల వాల్చి కళ్ళు మూసుకుంది. నాన్న అద్దంలో ఆమెను చూస్తూ ఉన్నారు. పద్యం చివర సాగదీసే ఆ రాగంలోనే, బాగా కింది స్థాయిలో, "ఇదిగో" అన్నారు. 'గో' దగ్గర గొంతు చాలాసేపు నిలిచింది.

అమ్మ కళ్ళు తెరవకుండానే, అలవాటుగా, "ఆఁ, వస్తున్నా" అంది. ఆ తర్వాత ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నా ముందున్న ఆటో కదిలింది, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. గేరు వేసి నెమ్మదిగా ముందుకు పోనిచ్చాను.

ఆ మాట ఆయనకు పాటగానే ఉండిపోయింది. ఇంట్లో ఎక్కడున్నా రాగం తీస్తూ పిలిచేవారు. అమ్మ పలికేది. ఇరుగుపొరుగుకు వింతగా ఉండేది, మాకు కాదు.

తర్వాతి వానాకాలంలో నాన్నకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి పాట కూడా పోయింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నన్ని రోజులూ ఆయన చెవి దగ్గర అమ్మే పాడింది. నర్సులు వచ్చిపోతున్నా ఆపలేదు. అదే వరస, అవే ఇంటి మాటలు. నొప్పిగా ఉందా. నీళ్ళు కావాలా. ఇంటికి పోదాం. ఆయన వేళ్ళు దుప్పటి మీద ఒకటి రెండుసార్లు కదిలాయి. తాళమో కాదో చెప్పలేను. ఒక తెల్లవారుజామున ఆయన పోయారు. అమ్మ అప్పుడు పక్కనే ఉంది. నన్ను లేపి చెప్పింది.

కొన్ని నెలల తర్వాత డాక్టరమ్మ ఇంటికి ఫోను చేసింది. భర్తకు మాట పడిపోయి కొత్తగా ఒకావిడ వస్తోందనీ, పాడించమంటే సిగ్గుపడి ఏడుస్తోందనీ, మీ అమ్మగారు ఒకసారి రాగలరా అనీ అడిగింది. పక్కనే ఉన్న అమ్మకు చెప్పాను, రానంటుందనుకున్నాను. ఫోను పెట్టేసేసరికి చీర మార్చుకుంటోంది.

నేను ఆ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సగం తీసి ఉంది. లోపల ఆవిడ భర్త చక్రాల కుర్చీలో ఉన్నాడు. అమ్మ ఆవిడ పక్కన కూర్చుని, ఇంట్లో ఆయన మిమ్మల్ని ఏమని పిలిచేవారండీ అని అడిగింది. ఆవిడ చెప్పింది నాకు వినపడలేదు. అమ్మ గొంతు సవరించుకుంది.