కోచ్‌ని ఎందుకు మార్చారంటే

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు ముక్కలు. ఎవరూ దాన్ని నా చేత బలవంతంగా చెప్పించలేదు. నోరు తెరిచాను, వచ్చేసింది. అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడక్కండి.

నేను నర్సుని. మాది గోదావరి జిల్లా. రియాద్‌లో ఒక ప్రైవేటు ఆడపిల్లల కాలేజీలో క్లినిక్ చూసుకుంటాను. ఆ ఊళ్లోనే మలాజ్ అనే పేటలో ఇంకో ఇద్దరు నర్సులతో కలిసి ఉంటాను. కాలేజీ క్లినిక్‌లో పెద్ద పనేమీ ఉండదు. తలనొప్పులు, నెలసరి నొప్పులు, పరీక్షల ముందు వచ్చే కడుపునొప్పులు. కాలేజీలో ఫుట్‌బాల్ టీము పెట్టాక దెబ్బలు తగిలించుకుని వచ్చేవాళ్లు కూడా తోడయ్యారు.

ఆ టీము కోచ్ నస్రీన్. కరీంనగర్ అమ్మాయి. నాకంటే పదేళ్లు చిన్నది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో కాలేజీ తరఫున ఆడిందట. భర్త ఉద్యోగం వల్ల రియాద్ వచ్చింది. ఆ కాలేజీ మొత్తంలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని క్లినిక్‌కి వచ్చేది. "అక్కా, ఇయ్యాల పప్పుచారు తెచ్చిన" అంటూ మూత తీసేది.

టీము మాత్రం ఘోరంగా ఓడిపోయేది. ఎనిమిది సున్నా, ఆరు సున్నా. ప్రాక్టీసుకి వచ్చిన ప్రతి పిల్లా మ్యాచ్ ఆడాల్సిందేనని నస్రీన్ పట్టుదల. పరుగెత్తలేని పిల్లనీ దింపేది. బంతి ఎక్కడుంటే పదిమందీ అక్కడికే పరిగెత్తేవాళ్లు. ఓడిపోయి బస్సెక్కాక వాళ్ల చేత పాటలు పాడించేది. ఆమెని తీసేస్తారని, కొత్త కోచ్ కోసం చూస్తున్నారని కాలేజీలో అనుకునేవాళ్లు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఇది దాచకుండా చెప్పాలి.

ఆ టీములో గోలు కొట్టగలిగిన పిల్ల ఒక్కతే, రీమ్. ఒక మంగళవారం ప్రాక్టీసులో గోల్‌కీపర్ మోకాలు ఆమె కణతకి తగిలింది. బుధవారం తలనొప్పి అంటూ నా దగ్గరికి వచ్చింది. తలకి దెబ్బ తగిలినవాళ్లని అడగాల్సిన ప్రశ్నల కాగితం నా వెనక గోడకే అంటించి ఉంది. వెనక్కి తిరిగితే చాలు. నేను తిరగలేదు. ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం కోసం అప్పుడు కంప్యూటర్లో పై స్థాయి లైసెన్సు పరీక్షకి చదువుకుంటున్నాను. రీమ్‌కి ఒక మాత్ర ఇచ్చి, కాసేపు పడుకోమని చెప్పి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆమె ఎప్పుడు లేచి వెళ్లిపోయిందో కూడా చూడలేదు.

గురువారం మ్యాచ్. ఆ పొద్దున నస్రీన్ క్లినిక్ కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, రీమ్‌ను ఆడియ్యొచ్చా? పొద్దుగాల సుత తల నొస్తుందన్నది. నువ్వు ఒద్దంటే కూసోవెడ్త."

"ఆడొచ్చులేవే, నిద్ర చాలక అయ్యుంటాది. నిన్న నేను చూశానుగా" అన్నాను. తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాను.

మ్యాచ్ మొదలై పావుగంట అయిందేమో. రీమ్‌ని ఎవరూ గుద్దలేదు, తొయ్యలేదు. మైదానం మధ్యలో ఒంటరిగా పరిగెడుతున్నదల్లా ఆగి, రెండు చేతులతో తల పట్టుకుంది. మెల్లగా కూర్చుంది. పక్కకి ఒరిగిపోయింది. ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది. నేను గీత బయట ఉన్నాను. పరిగెత్తి వెళ్లకముందే నాకు విషయం తెలిసిపోయింది.

మెదడు మీద రక్తం చేరింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. మాట తడబడేదట, మాటల కోసం వెతుక్కునేదట. ఆ ఏడాది చదువు ఆగిపోయింది. కాలేజీకి మళ్లీ రాలేదు.

ఆదివారం డీన్ మేడం మా ఇద్దర్నీ పిలిపించింది. వెళ్లే ముందు నేను క్లినిక్ రిజిస్టర్ తెరిచాను. రీమ్ పేరు ఎదురుగా కాస్త ఖాళీ ఉంది. అందులో ఇంగ్లీషులో ఒక లైను రాశాను. ఆడకూడదని కోచ్‌కి నోటిమాటగా చెప్పాను, అని. అదే పెన్నుతో. నా అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. చెయ్యి వణికి ఉంటే బాగుండేది. అంత పని చేస్తున్నప్పుడు మనిషి చెయ్యి వణకాలి కదా? నా చెయ్యి ఎందుకు వణకలేదు?

డీన్ గదిలో ముందు నస్రీన్ మాట్లాడింది. సిస్టర్ ఆడొచ్చన్నాకే దింపానని ఇంగ్లీషులో చెప్పింది. తప్పు పట్టే గొంతు కాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. డీన్ మేడం నా వైపు చూసింది.

"లేదు. వద్దని చెప్పాను. రెండుసార్లు" అన్నాను.

రెండుసార్లు! అది ఎక్కడి నుంచి ఊడిపడింది? రిజిస్టర్లో కూడా రాయలేదు. ముందుగా అనుకోనూ లేదు. ఆ మాట నా చెవులకే కొత్తగా వినపడింది. మరెవరో నా పక్కన కూర్చుని అన్నారేమో అన్నట్టు అదిరిపడ్డాను.

నస్రీన్ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. నోరు కొద్దిగా తెరుచుకుని ఉండిపోయింది. "అక్కా?" అంది. తర్వాత తెలుగులో, "ఏం మాట్లాడుతున్నవక్కా? నువ్వే గద..." అని ఆగిపోయింది. ఆ గదిలో ఆ మాటలు అర్థమైన మనిషిని నేనొక్కదాన్నే. అవి నాకోసమే అన్న మాటలు. నేను ఆమె వైపు చూడకుండా డీన్ మేడంతో ఇంగ్లీషులో, రిజిస్టర్ చూడండి, అన్నాను.

భయం వల్ల చేశానని రాయబోయి ఆగాను. భయం నిజమే. లైసెన్సు పోతే ఈ దేశంలోనే కాదు, చుట్టుపక్కల ఏ దేశంలోనూ పని దొరకదు. కానీ భయపడిన ప్రతి నర్సూ ఇలా చేయదు. నస్రీన్‌ని ఎలాగూ తీసేయబోతున్నారు కదా అనే లెక్క కూడా ఆ క్షణంలో నా మనసులో ఎక్కడో ఉంది. ఆ లెక్కే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆ వారమే నస్రీన్‌ని పంపేశారు. ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. వాళ్లకి కావలసిన కారణం దొరికింది.

తర్వాత జరిగిందే నా నోరు పూర్తిగా మూయించింది. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి కొత్త కోచ్ వచ్చింది. సన్నగా, గట్టి గొంతుతో ఉండేది. మొదటి వారం అసలు బంతే తీయనివ్వలేదు. మైదానంలో నిలబడి ఒకళ్ల పేరు ఒకళ్లు గట్టిగా పిలవడం నేర్పింది. ఎవరు ఎక్కడ నిలబడాలో సున్నంతో గుర్తులు పెట్టింది. పరుగు రాని లావుపాటి పిల్లని వెనక కాపలాకి పెట్టింది. ఆ పిల్ల గోడలా నిలబడింది. పదకొండుమందిని ఎంచుకుని, మిగతావాళ్లకి ముఖం మీదే చెప్పేసింది. ఓడిన మ్యాచ్ వీడియోని మర్నాడు కూర్చోబెట్టి చూపించేది, తిట్టకుండా. మూడు మ్యాచ్‌ల తర్వాత ఒకటి డ్రా చేశారు. ఆ తర్వాత ఒకటి గెలిచారు. రెండో ఏడాది ఫైనల్లో కప్పు గెలుచుకున్నారు. అవే పిల్లలు! నాకు నమ్మబుద్ధి కాలేదు. తలలు వంచుకుని బస్సెక్కే పిల్లలు వీళ్లేనా అనిపించింది.

సన్మాన సభలో డీన్ మేడం, సమయానికి కోచ్‌ని మార్చడమే ఈ టీము తలరాత మార్చింది, అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నిజం కూడా అదే కదా. కొత్త కోచ్ నిజంగానే గొప్పది. నేను అబద్ధం ఆడకపోతే ఈ కప్పు ఉండేదా? ఈ ప్రశ్న నన్ను ఏళ్ల తరబడి జోకొట్టింది. మంచే జరిగింది కదా, అని. మీరు నమ్మరేమో, కొన్ని నెలలు నేను హాయిగా ఉన్నాను.

పోయిన చలికాలం బురైదా అనే ఊళ్లో ఒక కాలేజీతో మ్యాచ్ ఉంటే టీముతో పాటు వెళ్లాను. మైదానం మెట్ల మీద నల్ల అబాయా తొడుక్కున్న ఒకామె నా వైపే రావడం చూశాను. నస్రీన్. భర్తకి అక్కడికి బదిలీ అయిందట. మ్యాచ్ సంగతి విని వచ్చిందట. చేతిలో ఖర్జూరాల డబ్బా. ఎటైనా తప్పుకుందామని చూశాను, దారి లేదు. ఆమె వచ్చి నన్ను వాటేసుకుని, పక్కన కూర్చుంది.

"నా మీద కోపం పోయిందా అక్కా?" అంది.

"నీకు నా మీద..." అన్నాను.

"నీ మీద నాకేం కోపం? ఆ దినం ఆఫీసుల నీ మీద ఒట్టిగనె నింద ఏసిన. నువ్వే ఆడొచ్చన్నవని చానా రోజులు అట్లనే అనుకున్న. తర్వాత ఒక్కదాన్నే కూసోని యాద్ చేసుకుంటే మెల్లమెల్లగ మతికొచ్చింది. నువ్వు ఒద్దన్నవు. రెండుసార్లు చెప్పినవు. నా చెవులకే ఎక్కలె."

"నీకు... గుర్తొచ్చిందా?"

"నీ మొఖం సుత కండ్లల్ల ఉన్నది. కిటికీలకెల్లి తలకాయ అడ్డంగ ఊపినవు. ఒక్క మ్యాచన్న గెలవాలని ఆ పోరిని చావుదాక తోలిన. గప్పటిసంది బంతి ముట్టలేదక్కా. నాసొంటిది పిల్లల నడుమ ఉండొద్దు."

నేను ఊపని తల ఆమెకి గుర్తుంది. నేను అనని మాట ఆమెకి వినపడుతోంది. నా అబద్ధం ఆమె ఉద్యోగం మాత్రమే తీసేసిందనుకున్నాను. అది ఆమె తలలోకి దూరి, జరిగినదాన్ని చెరిపేసి, ఆ చోట కూర్చుందని అప్పుడే తెలిసింది. ఆమె నన్ను ద్వేషిస్తూ ఉంటుందని ఇన్నేళ్లు ఊహించుకున్నాను. ద్వేషించినా బాగుండేది.

అప్పుడే మా పిల్లలు గోలు కొట్టారు. నస్రీన్ లేచి చప్పట్లు కొట్టింది. "మంచి కోచ్ దొరికింది వీళ్లకు. నన్ను తీసేసుడే మంచిగైంది" అని నవ్వింది. డబ్బా నా ముందు పెట్టింది. ఒక ఖర్జూరం తీసుకుని తిన్నాను. నమిలాను, మింగాను. నోరు తెరిచింది అందుకు మాత్రమే. మ్యాచ్ అయ్యేదాకా ఆమె పక్కనే కూర్చుని ఒక్క నిజమూ చెప్పలేదు. మొదటిసారి అబద్ధం చెప్పడానికి డీన్ గది ఉంది, విచారణ ఉంది, భయం ఉంది. ఈసారి ఏముంది?

రియాద్ వచ్చాక రెండు నెలలు పట్టింది. ఒక శుక్రవారం పగలు, ఫ్లాటులో ఎవరూ లేనప్పుడు, ఆమెకి వాయిస్ మెసేజ్ పెట్టాను. ఉన్నదంతా చెప్పాను. పరీక్ష, కంప్యూటరు, రిజిస్టర్లో లైను, అన్నీ. నీ జ్ఞాపకం తప్పు, నీ మొదటి మాటే నిజం, అన్నాను. దీన్ని కాలేజీకి పంపినా, లైసెన్సు వాళ్లకి పంపినా నీ ఇష్టం అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె క్షమించేస్తుందని భయం.

ఆమె విన్నట్టు ఫోనులో టిక్కు పడింది. మూడు వారాలు జవాబు లేదు.

నిన్న వచ్చింది. తిట్టు కాదు, ఏడుపు కాదు. ఒకటే లైను.

"రీమ్‌కు చెప్పినవా?"

ఇన్నేళ్లూ నేను నస్రీన్ గురించి కుమిలాను, నా గురించి కుమిలాను. ఆ పిల్ల గురించి? మాటలు తిరిగి వచ్చాయా లేదా, మళ్లీ చదువుకుందా లేదా, ఎక్కడుంది, ఏదీ నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒక్కసారైనా అనుకోలేదు. తల మీద కత్తి పడింది ఆమెకి. ఆమెని నేను ఈ కథలోంచే తీసేశాను. ఎలా చేయగలిగాను? నేనేం మనిషిని?

"లేదు" అని టైపు చేసి పంపాను. ఆ తర్వాతే కూర్చుని మీకు ఇదంతా రాశాను. రీమ్‌ని ఎలా వెతకాలో తెలియదు. దొరికితే ఆమె ముందు నోరు పెగులుతుందో లేదో తెలియదు. ఒకటి మాత్రం రాయగలను, ఎవరూ అడగకుండానే. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. నేను ఆమెని చూడలేదు. చూశానని చెప్పాను.