టిఫిన్ తర్వాత వేసుకునే మాత్ర

జగ్గయ్యపేట వైపు ఎప్పుడైనా వస్తే మహిమను కలవకుండా వెళ్ళొద్దు. స్కూటీ ముందు ఐస్ డబ్బా పెట్టుకుని, ముక్త్యాల నుంచి నందిగామ దాకా గుండెజబ్బు ఉన్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగే మనిషి. ఎవరింట్లో కూర్చున్నా కాసేపటికి మాట మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీదికి వెళ్ళిపోతుంది. అయినా విసుగు రాదు, గ్యారంటీ నాది.

సొంతూరు ముక్త్యాల. జగ్గయ్యపేటలో బీఎస్సీ బయోటెక్నాలజీ చదివి, నందిగామలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీసే పనిలో చేరింది. అక్కడుండగానే విజయవాడ నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. గుండెపోటు తర్వాత కొందరి గుండె కోలుకుంటుంది, కొందరిది రోజురోజుకీ బలహీనపడుతుంది. ఎందుకో వాళ్ళ రక్తంలో తిరిగే ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలను, అంటే చిన్న ఆర్‌ఎన్‌ఏలను బట్టి తెలుస్తుందేమో చూడాలని వాళ్ళ ప్రయత్నం. ఊళ్ళు తెలిసిన మనిషి కావాలన్నారు, మహిమ వెళ్ళిపోయింది. రక్తం తీసి పంపడంతో ఆమెకు తృప్తి లేదు. ఆ ట్యూబులతో ల్యాబ్‌లో చేసే పని తన చేత్తో చెయ్యాలని కోరిక. రెండో దశలో ల్యాబ్‌లో ఒకే ఒక్క పోస్టు ఉంటుందని, అది ఆమెకే ఇప్పించాలని ఉందని బృందం పెద్ద లక్ష్మీకాంత్ గారు ముందే చెప్పారు.

ఆమె తీసిన మొదటి శాంపిల్ సొంత బాబాయి ఫ్రాన్సిస్‌ది. సిమెంటు లారీ డ్రైవరు, పోయినేడు గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. సూది చూసి ఆయన మొహం తిప్పుకుంటే, ఆయన భార్య బేబి పక్కనే నిలబడి ఆరా తీసింది.

“ఇంత రక్తం పట్టుకెళ్ళి ఏం చేస్తారే?”

“మన కణాల్లో ఫలానా ప్రోటీన్ తయారుచెయ్యమని చీటీలు బయల్దేరతాయి పిన్నీ. ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. కొన్ని చీటీల్ని పట్టుకుని ఆపేసుద్ది. ఒక కణం వీటిని రక్తంలోకి వదిలితే ఇంకో కణం అందుకుంటది, కబురు పంపినట్టు.”

“అయితే మీ బాబాయి వాచ్‌మన్ నిద్రపోయాడన్నమాట.”

“నిద్రపోతే, గుండెలో మచ్చ కట్టమనే చీటీలన్నీ బయటికెళ్ళిపోతాయి. గుండె బిగుసుకుపోద్ది.”

“ఈయనకి నిద్ర కొత్తేం కాదులే.”

“ఇక్కడే ఉన్నా, వినపడతంది,” అన్నాడు ఫ్రాన్సిస్.

చిక్కల్లా పరగడుపుతోనే వచ్చింది. శాంపిల్ ఇచ్చేవాళ్ళు మంచినీళ్ళు తప్ప ఏమీ తినకుండా, తాగకుండా రావాలి. ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్ళేవాళ్ళకి తెల్లారగానే టీ పడాలి. “అర టీయేగా అమ్మా” అంటారు. నందిగామలో హోల్‌సేల్ కొట్ల వాళ్ళయితే అడగకముందే “కాఫీ తాగాను, పర్లేదుగా?” అనేవారు. వాళ్ళను మర్నాడు మళ్ళీ రమ్మనాల్సి వచ్చేది.

అప్పుడే మహిమకు ఉపాయం తట్టింది. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాల్లో ముక్త్యాల చర్చిలో రోజూ మధ్యాహ్నం ఉపవాస ప్రార్థన ఉంటుంది. వచ్చేవాళ్ళు సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. నమ్మకమైన పరగడుపు! పాస్టరు గారిని అడిగి, ప్రార్థన అవ్వగానే చర్చి వరండాలో కుర్చీ వేసి, బాబాయితో సహా ముందు ఇచ్చినవాళ్ళకీ మళ్ళీ రక్తం తీసింది. శ్రమదినాలు ముగిసేలోపు ముక్త్యాల శాంపిల్స్ అన్నీ పూర్తయ్యాయి.

ఈస్టరుకు ముందు లక్ష్మీకాంత్ గారు ఫోన్ చేశారు.

“మహిమా, మీ ముక్త్యాల గ్రాఫ్ చూస్తే మతిపోతోంది. నందిగామ వాళ్ళకంటే కొన్ని ఆర్‌ఎన్‌ఏలు ఎక్కడో పైన ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నం మీటింగ్‌లో పెడుతున్నా. నీ పోస్టు సంతకం కూడా అక్కడే.”

ఈస్టరు మర్నాడు సోమవారం పొద్దున బాబాయి ఇంట్లో ఇడ్లీ తింటోంది మహిమ. బేబి మందుల డబ్బా తెచ్చి ఫ్రాన్సిస్ ముందు పెట్టింది.

“వేసుకోండి. ఈస్టరు అయిందిగా, ఇక మొదలెట్టండి.”

మహిమ చెయ్యి ఆగింది. “మొదలెట్టడం ఏంటి పిన్నీ?”

“రక్తం పల్చబడే మాత్రే. శ్రమదినాల్లో వేసుకోలేదుగా.”

“అదేంటి బాబాయ్! మందులు వాడతన్నావా అంటే అవునన్నావు కదా?”

“వాడతన్నాగా. రాత్రి మాత్ర ఒక్కరోజు మానలేదు. ఇది టిఫిన్ తిన్నాకే వెయ్యాలన్నాడు డాక్టరు. టిఫినే లేనప్పుడు మాత్రెట్టా వేస్తా?”

“సాయంత్రం తిన్నాక వేసుకోవచ్చుగా!”

“పొద్దున మాత్ర సాయంత్రం వేసుకోమని నాకెవరు చెప్పారు? నేనేనా, నాతో పాటు రక్తం ఇచ్చిన థామస్ కూడా అంతే. అందరం అంతే.”

ఆ మాత్ర రక్తంలోని ప్లేట్‌లెట్లను అణిచి ఉంచుతుంది. అది లేకపోతే ప్లేట్‌లెట్లు రెచ్చిపోయి, తమలోని చిన్న ఆర్‌ఎన్‌ఏలను రక్తంలోకి ఎక్కువగా వదులుతాయి. ఒక్కరోజు మానితే పెద్ద తేడా ఉండదు. అన్ని వారాలు మానితే గ్రాఫ్ ఎక్కడికో పోతుంది. పోయింది కూడా. ముక్త్యాల గుండెల్లో కొత్త కబురేమీ లేదు. ఆ గ్రాఫ్‌లో కనిపించింది తను ఎంచుకున్న ఉపవాసమే.

మహిమ ముందు డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన ఫ్రాన్సిస్‌ను నాలుగు చీవాట్లు పెట్టి, ఇప్పుడే మాత్ర వేసుకుని పరీక్షకు రమ్మన్నాడు. పాస్టరు గారికి కూడా చెప్పింది, మిగతావాళ్ళకూ కబురు పంపమని. తర్వాత ఫోన్ చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుంది.

బేబికి సంగతి అర్థమైంది. “మీటింగ్ అవ్వనీవే. సంతకం పెట్టించుకో, సాయంత్రం చెప్పు. మాత్రలు వేసుకుంటన్నారుగా, ఇంకెవరికి నష్టం?”

“ఆ గ్రాఫ్ అందరికీ చూపిస్తారు పిన్నీ.”

“మర్నాడు కాదని చెప్తారు. అంతేగా!”

మహిమ ఫోన్ కలిపింది. లక్ష్మీకాంత్ గారికి సంగతంతా చెప్పింది.

“ఎన్ని శాంపిల్స్ పోయినట్టు?”

“ముక్త్యాలవి అన్నీ సార్.”

“సరే. ఆ స్లైడ్ తీసేస్తా. థ్యాంక్స్ మహిమా. ఆ గ్రాఫ్ చూపించే నీ పేరు అడుగుదామనుకున్నా. పోస్టు సంగతి మాత్రం ఇక నా చేతుల్లో లేదు.”

పోస్టు విజయవాడ అమ్మాయి నిఖితకు వెళ్ళింది. మంచి పనిమంతురాలే, అందులో మాట లేదు. మహిమ మళ్ళీ ముక్త్యాలలో మొదటి నుంచి శాంపిల్స్ తీస్తోంది. ఇప్పుడు మందులు వాడుతున్నారా అని కాకుండా, నిన్న ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడుగుతోంది. ల్యాబ్ మాటెత్తితే, “ఇంకో ప్రాజెక్టు రాకపోద్దా” అంటుంది గానీ, మొహంలో బాధ కనిపిస్తూనే ఉంటుంది.

ఒక్కపూట ఆగితే ఎవరికీ ఏమీ అయ్యేది కాదని బేబి ఇప్పటికీ అంటోంది. ఆ సోమవారం పొద్దున ఫోన్ మీ చేతిలో ఉంటే, మీరైతే ఏం చేసేవారు?