అట్ట వెనుక పెన్సిల్ రాత

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున పూజలో ఉండగా ఫోన్ మోగింది. "చిన్నాయన పోయిండక్కా" అంది చెల్లి.

మిలిటరీ నుంచి వచ్చాక మా చిన్నాయన ఖమ్మం శివారులోని షూటింగ్ క్లబ్బులో కోచ్‌గా ఉన్నారు. తన కూతురికి, నా చెల్లికి పిస్టల్ నేర్పారు. "తుపాకి పట్టిన పిల్లను ఎవడు చేసుకుంటడే?" అని వాడకట్టు నవ్వితే, "భయపడేటోడు మనకెందుకు?" అనేవారు.

చెల్లి నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. అమ్మ లేదు కనుక తోడుగా నేనే వెళ్లి, వెనక బెంచీ మీద జపం చేసుకునేదాన్ని. "సగం ఊపిరి వదిలి ఆగు బిడ్డా, గాడ మనసు నిలవడ్తది" అని ఆయన చెల్లికి చెప్పిన మాట నా జపానికీ పనికొచ్చింది.

క్లబ్బులో పాయింట్ టూటూ పిస్టళ్లు రెండు ఉండేవి, ఒకటి జర్మనీది, ఒకటి ఇటలీది. ఏది మంచిదని రోజూ వాదనే.

"జర్మనీది బరువుంటది, చెయ్యి నిలుస్తది" అనేది చెల్లి.

"బరువైతే రోలు పట్టుకపో. ఇటలీది ట్రిగ్గర్ వెన్న లెక్కుంటది" అనేది ఆయన కూతురు.

చిన్నాయన వాదనలు నమ్మేవారు కాదు. పిస్టల్‌ను ఇసుక బస్తాకు ఆనించి, ఒకే డబ్బాలోని తూటాలు ఐదేసి కాల్చి, గురి అట్ట మీద పడ్డ రంధ్రాలపై రూపాయి బిళ్ల పెట్టేవారు. అన్నీ బిళ్ల కింద దాగితే అది మంచి పిస్టల్. ఏ అట్ట దేనిదో కాల్చకముందే వెనక పెన్సిల్‌తో రాసేవారు. "కాల్చినంక రాస్తే మనసు అబద్ధమాడ్తది."

రాష్ట్ర జట్టులో ఒక్క చోటు ఉంది. ఎంపికకు ఆయన కూతురు, నా చెల్లి ఇద్దరూ వెళ్లాలి. ముందురోజు చిన్నాయన చెల్లికి ఒక అట్ట చూపారు. రంధ్రాలన్నీ బిళ్ల కిందే. "ఇటలీది. నీకే ఇస్తున్న. జర్మనీది గీ మధ్య చెదురుతున్నది." చెల్లి కళ్లు తుడుచుకుంది. శుభమని ఆ అట్ట మూలన నేను కుంకుమ పెట్టాను.

మరునాడు చెల్లి గురి చెదిరింది. చోటు జర్మనీది పట్టిన ఆయన కూతురికి దక్కింది.

"పిస్టల్ మంచిదే కదక్కా. నా చెయ్యే వణికింది" అంది. ఏడేళ్లయింది, మళ్లీ ముట్టలేదు.

చిన్నాయన పోయిన మూడో రోజు, గోడకు పెట్టే ఫోటో కోసం చిన్నమ్మ ట్రంకు పెట్టె తీయమంది. అడుగున అట్టల కట్ట. పైదాని మూలన నా కుంకుమ. తిరగేశాను. "జర్మనీ" అని ఆయన రాతే. దాని కింది అట్ట వెనక "ఇటలీ". రంధ్రాలు అరచేయంత వెడల్పున పడ్డాయి.

చిన్నమ్మ నా ముఖం చూసింది. "నీ చెల్లి చేతిల గుణమున్నది, మళ్లొచ్చి గెలుస్తదనుకున్నడు బిడ్డా. ఆమె రాకపాయె. చెప్పనీకె ఆయనకు నోరు రాకపాయె."

ఆయన నేర్పింది నిజం. ఇదీ నిజం. జపంలో సగం ఊపిరి దగ్గర ఆయన గొంతే వినిపిస్తోంది. అక్కడ నాకిప్పుడు దేవుడి పేరు నిలవడం లేదు.

అస్థికలు కలపడానికి భద్రాచలం వెళ్లాం. గోదావరి మెట్ల మీద ఆ అట్టలు చెల్లి చేతిలో పెట్టాను. రెండు వైపులా చూసింది.

"ఇన్నేండ్లు నా చేతిని తిట్టుకున్ననక్కా."

అట్టలు నాకిచ్చి నాలుగు మెట్లు దిగింది. ఎడమచేయి నడుముకు ఆనించి, ఉత్త కుడిచేయి నది మీదికి చాచింది. చూపు అవతలి ఒడ్డున. మోకాళ్ల దాకా నీళ్లు కదులుతున్నాయి. చెయ్యి కదల్లేదు.