ముందు గేటు

నిన్న సాయంత్రం మా ఇంటికి చక్రాల సూట్‌కేసు ఒకటి వచ్చింది. నిజామాబాద్‌లో ఉండే మా అమ్మాయి దాన్ని రుద్రూర్ బస్సులో పెట్టి పంపింది. స్టాండులో దింపుకొని, చెరుకు ట్రాక్టర్లు తొక్కి తొక్కి గుంతలు పడ్డ దారిలో ఇంటిదాకా ఈడ్చుకొచ్చేసరికి దాని చక్రం ఒకటి వంకర పోయింది. మంచం మీద పడుకున్న మా ఆయన తల తిప్పి చూసి, "ఇంకా ఊరే దాటలే, గిది సుత అలిసిపోయింది" అన్నాడు. ఆయన హాస్యం ఎప్పుడూ అంతే, పడుకొని ఆడేది.

మేము దుబాయ్ వెళ్తున్నాం. వెళ్లేది నాలుగు రోజులకే, అందులో ఒక రోజు పెద్ద ఆటల పార్కులో. ఆ ఒక్క రోజు కోసం మా అమ్మాయి నెల నుంచి రోజూ ఫోన్ చేస్తోంది. పొద్దున ఏది ఎక్కాలి, ఎండెక్కాక ఎక్కడ కూర్చోవాలి, నా మోకాళ్లకు ఏది పనికిరాదు, అన్నీ చెబుతుంది. వినడానికే ఆయాసం వస్తుంది. పార్కు పటాన్ని కూడా ఫోన్‌లోకి పంపింది. యాభై దాటాక మహిళా సంఘం వాళ్ల సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. బస్సు బోర్డు చదవగలను, మందుల చీటీ మీద పేరు పోల్చుకోగలను. ఆ పటంలో ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి రంగులు చూసి ఊరుకున్నాను. నడిమధ్యలో మట్టి రంగు కొండ మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. దారికని సకినాలు చేస్తానంటే, పార్కు లోపలికి తిండి తీసుకుపోనివ్వరట. జాతరకు పోయినా పెళ్లికి పోయినా డబ్బా లేకుండా గడప దాటని మనుషులం. ఆ రోజు మా చేతులు ఏం చేస్తాయో నాకు తెలియదు.

చేతులంటే గుర్తొచ్చింది. పాస్‌పోర్టు కోసం వేలిముద్రలు ఇవ్వబోతే మా ఇద్దరివీ పడలేదు. పసుపు ఉడికించీ చెరుకు ఆకు దూసీ నావి అరిగాయి. సిమెంటు పూసీ పూసీ ఆయనవి అరిగాయి. అక్కడి అమ్మాయి ఓపికగా తడిగుడ్డ ఇచ్చి, తుడుచుకొని మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాం, మళ్లీ తుడిచాం. ఫొటోకు నవ్వకూడదన్నారు. ఆ సంగతి మా ఆయనకు చెప్పాల్సిన పని పడలేదు.

దుబాయ్ ఆయన చాలా ఏళ్లు పనిచేసిన ఊరు. మా అమ్మాయి పాకే వయసులో వెళ్లి, దాని పెళ్లయ్యాక తిరిగొచ్చాడు. మధ్యలో రెండేళ్లకోసారి వచ్చి, పిల్లకు అలవాటయ్యేలోగా వెళ్లిపోయేవాడు. మా వైపు మనిషి ఊరికి బయలుదేరితే, చేరినట్టు కబురు అందేదాకా ఇల్లు ఊడ్వరు. పక్క ఊరికైతే పూట మాటే. దుబాయ్‌కి పోయినవాడి ఫోన్ కొన్నిసార్లు మూడు రోజులకు గానీ వచ్చేది కాదు. అన్ని రోజులూ ఆయన తాగిపడేసిన బీడీ ముక్కలు, చెప్పుల మట్టి అట్లాగే ఉండేవి. మా అత్త చూసి చూసి, నీ మొగుడు దిగేలోపు ఇంట్లో పసుపు కొమ్ములు నాటొచ్చని ఎత్తిపొడిచేది. నేను మాత్రం చీపురు ముట్టేదాన్ని కాదు.

ఆయన ఆఖరి పని ఆ పార్కులోనే. ఇనుప చట్రం మీద సిమెంటు పూసి, అది తడిగా ఉండగానే తాపీతో పగుళ్లు గీసి, నిజం కొండలా చేసేవారట. పార్కు తెరవకముందే పని అయిపోయి, నడుము నొప్పితో ఇంటికొచ్చాడు. సగం కొండ ముందు, ఎవరివో నల్లద్దాలు పెట్టుకొని దిగిన ఫొటో ఒకటి మిగిలింది. ఇప్పుడు తొమ్మిదేళ్ల మా మనుమరాలు అది పట్టుకొని, మా తాత కొండ కట్టిండని బడిలో అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదట. కొండ పక్కన తాతను నిలబెట్టి ఫొటో దిగాలని అది పట్టుబట్టబట్టే ఈ ప్రయాణం.

తీరా అన్నీ కుదిరాక, పోయిన ఆదివారం అమ్మాయి, మనుమరాలు ఇంటికొచ్చి ఉండగా మా ఆయన రానన్నాడు.

"నేను సూసిందే గదా. మళ్ల ఏం సూడాలె? మీరు పోయి రాండ్రి."

"నువ్వు లేకుంటే మేమెందుకు బాపు?" అని మా అమ్మాయి లేచి అవతలికి వెళ్లిపోయింది. నేను బతిమాలలేదు. ఆ ఊరి పేరు వింటే నాకే నీరసం, ఇక అక్కడ ఎండలో నిలబడ్డవాడికి ఎట్లా ఉంటుంది! మనుమరాలు మాత్రం ఏడవలేదు. ఫోన్‌లో పటం తెరిచి మంచం పట్టె మీద కూర్చుంది.

"తాతా, గేటు దాటంగనే కొండ కనవడ్తదా?"

ఆయన పటాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు.

"తెల్వది బిడ్డా. ముందట గేటు నేను సూడలే. మా బస్సు ఎన్క గేటుకెల్లే వచ్చేది, ఎన్క గేటుకెల్లే పోయేది."

"అయితే నువ్వు సుత ఫస్ట్ టైమేనా?"

ఆయన ఫోన్‌ను ఇంకాస్త కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. తాను గీసిన పగుళ్లన్నీ ఆ వేలెడంత బొమ్మలో వెతుకుతున్నాడేమో.

"ఔ బిడ్డా. ఫస్ట్ టైమే," అని, అక్కడ నీడ ఉండదు, పిల్లకు టోపీ కొనమని నాకు చెప్పాడు. వస్తానని నోటితో అనలేదు. టోపీ రెండు కొనమన్నాడు.

ఈ పొద్దున తాళంచెవి ఇద్దామని పక్కింట్లో ఉండే మా తోటికోడలి దగ్గరికి వెళ్లాను. రోజూ వాకిలి ఊడ్చి చల్లమని చెప్పబోయాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు.

"నువ్వు చేరినమని ఫోన్ జేసినంకనే చెల్లె. గప్పటిదాక మీ ఇంట్ల చీపురు పట్ట."

ఎవరైనా నా కోసం ఇల్లు ఊడ్వకుండా ఉంచడం ఇదే మొదటిసారి. తిరిగొచ్చి గడప మీద కూర్చున్నాను. అన్నేళ్లూ కాలమంతా వెళ్లినవాడితోనే వెళ్లిపోయిందనుకున్నాను. అది ఆ ఊడ్వని ఇంట్లో, నా కాళ్ల దగ్గరే, దుమ్ములా పేరుకుంటూ ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.