బ్రైడీ వీధి ఓట్లు

షికాగోలో కబేళాల వెనకున్న ఆ వీధి ఓట్లన్నీ బ్రైడీ కెనీలీ గుప్పిట్లో ఉన్నాయనేవారు పార్టీవాళ్లు. ఏం గుప్పిట! ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరింట శవం దగ్గర రాత్రంతా కూర్చోవాల్సొచ్చినా ముందు గుమ్మం తొక్కేది ఆవిడే. చలికాలం పార్టీ పంపే బొగ్గు బస్తాలు ఇంటింటా దింపించేదీ ఆవిడే. ఎన్నిక ముందురోజు వార్డు పెద్ద గెరిటీ "నీ వీధిలో మనకెన్ని?" అని అడగడం, ఆవిడ చెప్పిన లెక్క ఓట్ల పెట్టెలో ఒక్కటి తగ్గకుండా తేలడం ఆనవాయితీ. ఆ లెక్క మీదే భర్త మార్టిన్‌కు వీధులూడ్చే నగర ఉద్యోగం నిలిచి ఉంది.

కలిసొచ్చిన రోజుల్లో బస్తాలకు కొదవ లేదు. షేర్లు కుప్పకూలి, బ్యాంకులు మూతపడి, కబేళాల్లో సగంమందిని ఇళ్లకు పంపేశాక గెరిటీ గొంతు మారింది.

"ఓటున్న కొంపలకే బొగ్గు, బ్రైడీ."

"మరి ఓనా గతేంటి? మొగుడు పోయాడు, చంకలో పసిగుడ్డు. పౌరసత్వం కాగితాలే రాలేదు, ఓటెక్కణ్ణుంచొస్తుంది?"

"అయితే కాగితాలొచ్చాకే చలి కాచుకోమను!" గెరిటీ పకపకా నవ్వాడు.

బ్రైడీకి ఒళ్లు మండిపోయింది. తన ఇంటి బొగ్గే తట్టకెత్తుకెళ్లి ఓనా పొయ్యిలో పోసొచ్చింది. నోరు మాత్రం మెదపలేదు. మార్టిన్ ఉద్యోగం ఊడితే ఊళ్లో మరొకటి దొరికే రోజులా అవి?

ఎన్నికనాడు తలుపులు తట్టింది. జనం పార్టీని నోటికొచ్చినట్టు తిట్టారు. చెప్పులు కుట్టే యోనాస్ మరీను.

"నీ పార్టీ మొహాన ఇంత దుమ్ము కొట్టాలి!" అంటూనే కోటు తొడుక్కున్నాడు. "నీ మొహం చూసి వేస్తన్నా అక్కా. వాళ్ల మొహం చూసి కాదు."

అందరూ వచ్చారు. చివరికి బ్రైడీ తెర వెనక చీటీ ముందు నిలబడింది. తన మొహం చూసి ఇంతమంది వేశారు. తనెవరి మొహం చూసి వెయ్యాలి? సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదుటి పార్టీకి గుర్తు పెట్టి పెట్టెలో వేసేసింది.

మర్నాడు పొద్దున్నే గెరిటీ ఊడిపడ్డాడు. మార్టిన్ పనికి బయల్దేరుతూ బూట్లు కట్టుకుంటున్నాడు.

"అన్నీ మనకే, ఒక్కటి తప్ప! ఎవడిదో నాకు తెల్సులే. ఆ చెప్పులోడు మనల్ని నడివీధిలో తిట్టాడంటగా. ఇక వాడికి బొగ్గు బంద్. కొట్టు కూడా మూయించేస్తా."

పెట్టెలో పడ్డ చీటీకి పేరుండదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బ్రైడీ ఒక్కసారి భర్త వైపు చూసింది.

"యోనాస్ జోలికెళ్లకు. అది నా ఓటు."

"పిచ్చెక్కిందా నీకు?" గెరిటీ మొహం కందగడ్డ అయిపోయింది. "మొగుడి నోటికాడ కూడు..."

మార్టిన్ వంగి, కట్టుకున్న బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.