జిప్పులమ్మ తోడుమనిషి

మా మేడ మెట్ల కింద గదిలో జిప్పులమ్మ ఉంటుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, సంచులకూ ప్యాంట్లకూ జిప్పులు మార్చీ మార్చీ చివరికి ఈ పేరే మిగిలింది. పళ్ళు ఊడిన జిప్పునైనా మళ్ళీ దారికి తెస్తుంది. పని బాగుందని మెచ్చుకుంటే మాత్రం ఆమెకు పడదు. "బాగుచేసినందుకు పొగడ్త దేనికి పిన్నిగారూ, పాడుచెయ్యకుండా వాడుకోమనండి" అంటుంది. నా నోటికి తగ్గ నోరు ఈ వీధిలో అదొక్కటే. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఆమెతో ఉండేది తమ్ముడు. తల నెరిసినా అందరికీ చిన్నోడే. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. వాడికి వచ్చిన మాట "అక్క" ఒక్కటే. ఆకలైనా అక్కే, వాన పడినా అక్కే. మనిషి మాత్రం బీరువాలా ఉంటాడు. అమ్మానాన్నలు పోయినప్పటి నుంచి వాడికి తినిపించడం, స్నానం చేయించడం, గడ్డం గీయడం అన్నీ ఆమే. ఆమె మిషను తొక్కుతుంటే పక్కనే నేల మీద కూర్చుని పాత జిప్పులు తీస్తూ మూస్తూ ఉంటాడు. ఆమె కనుచూపు దాటిందా, గోడకేసి తల బాదుకుంటాడు.

ఒకసారి వాణ్ణి నేను చూసుకుంటానని మగరాయుడిలా ఒప్పుకున్నాను. అక్క కోసం తలుపు తోసుకుని పోతూ నన్నూ తోసేశాడు. నా మణికట్టు విరిగింది. అందులో వాడి తప్పేమీ లేదు. తలుపుకూ ముసలిదానికీ తేడా వాడికి తెలియదు.

ఇలా ఉండగా జిప్పులమ్మ కడుపులో గడ్డ తేలింది. రక్తం పోయి పోయి మనిషి సున్నం కొట్టిన గోడలా అయింది. ఆపరేషను చేయాలి, వారం రోజులు ఆసుపత్రిలో ఉండాలి అన్నారు డాక్టరుగారు. చిన్నోడి వల్ల ఒకసారి ఇప్పటికే వాయిదా వేసింది. "ఇంకోసారి వాయిదా అంటే నా దగ్గరకు రాకమ్మా, దేవుడి దగ్గరకే వెళ్ళు" అని ఆయన కసిరాడు.

అప్పుడెవరో ఊరట కేంద్రం సంగతి చెప్పారు. ఇలాంటివాళ్ళను కొన్నాళ్ళు ఉంచుకుని, ఇంట్లోవాళ్ళకు కాస్త ఊపిరి తీసుకునే వీలిస్తారట. చిన్నోణ్ణి వెంటబెట్టుకుని మేమిద్దరం వెళ్ళి చూశాం. ఉన్నవి ఆరు మంచాలు, దుప్పట్లు ఉతికి ఉన్నాయి. అక్కడి పెద్దమ్మ చిన్నోడి గడ్డం పట్టుకుని "ఏం నాయనా, మా ఇంటికొస్తావా?" అంటే వాడు ఆమె కళ్ళజోడు లాక్కున్నాడు. ఆవిడ నవ్వి, ఆపరేషను వారానికి మంచం రాసిపెట్టింది. తిరిగొస్తుంటే జిప్పులమ్మ, "ఆసుపత్రిలో పడుకుంటే వారం రోజులు నిద్రపోవచ్చు కదా పిన్నిగారూ" అంది. కడుపు కోయించుకోవడానికి అంత సంబరపడిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఆసుపత్రిలో చేరడానికి ముందురోజు ఆ పెద్దమ్మ ఫోను చేసింది. జిప్పులమ్మ వింటూ వింటూ కూలబడిపోతే ఫోను నేను తీసుకున్నాను.

"మంచం ఖాళీ కాలేదండీ. ఒకతన్ని పది రోజులకని వదిలివెళ్ళారు. గడువు దాటినా రాలేదు, ఫోను ఎత్తరు. మనిషిని పంపితే ఇల్లే ఖాళీ చేసి వెళ్ళిపోయారని తెలిసింది."

"మరి మాకెందుకు మాటిచ్చారు?"

"వాళ్ళు వస్తారనుకుని ఇచ్చామమ్మా."

"మావాడికి మంచం అక్కర్లేదు, కింద పక్క వేసినా పడుకుంటాడు."

"పక్క సంగతి కాదు. ఉన్న ఆరుగురినీ ఎత్తి దించేది మేం ఇద్దరమే. ఏడో మనిషికి మా దగ్గర చేతులు లేవు. అలాగని ఇతన్ని వీధిలో కూర్చోబెట్టమంటారా?"

కూర్చోబెట్టమని నా నోటిదాకా వచ్చింది. ఈలోగా జిప్పులమ్మ ఫోను అందుకుని, "అతనికి అన్నం సహిస్తోందా అండీ?" అని అడిగింది. ఫోను పెట్టేశాక ఆ పారిపోయినవాళ్ళను నేను నోరారా తిట్టాను. ఆమె మాత్రం "వాళ్ళు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో" అంది, అంతే.

మర్నాడు చిన్నోణ్ణి వెంటబెట్టుకునే ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ రోగికి తోడు ఒక్కరినే లోపలికి పంపిస్తారు. ఆ ఒక్కరికీ మెడలో వేసుకునే బిళ్ళ ఇస్తారు. నేను చెయ్యి చాపాను. జిప్పులమ్మ ఆ బిళ్ళ తీసుకుని తమ్ముడి మెడలో వేసింది.

"ఏమే, మతి గాని పోయిందా? తోడు నీకా, వాడికా?"

"వాణ్ణి బయట ఉంచితే మీ రెండో చెయ్యి కూడా విరుగుతుంది పిన్నిగారూ. నేను కళ్ళెదుట ఉంటే కదలడు. నన్ను ఆపరేషనుకు తీసుకెళ్ళే వేళకి మిమ్మల్ని పిలిపిస్తాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను గేటు బయట అరుగు మీద చతికిలబడ్డాను. రాత్రికి ఇంటికి పోయి, తెల్లవారగానే మళ్ళీ అక్కడే కూర్చున్నాను. కాసేపటికి వాచ్‌మన్ వచ్చి, "ముసలమ్మా, నిన్ను లోపలికి రమ్మంటున్నారు" అన్నాడు.

నేను వెళ్ళేసరికి వార్డంతా ఒకచోట మూగి ఉంది. అక్క కోసం తెచ్చిన స్ట్రెచరు మీద ఆమె పక్కనే చిన్నోడు కూడా పడుకుని ఉన్నాడు. రిక్షా అయినా, బస్సయినా, చక్రాలున్నదేదైనా ఇద్దరూ కలిసి ఎక్కేదే, వాడికి తెలిసింది అంతే. ఆకుపచ్చ గౌనులో ఆమె, బిళ్ళ వేసుకుని వాడు. చూసినవాళ్ళు కొందరు నవ్వుతున్నారు.

బతిమాలాను, కసిరాను. మిఠాయి చూపించాను. ఇద్దరు మగవాళ్ళు కాళ్ళు పట్టి లాగితే అక్క గౌను గుప్పిట పట్టుకుని "అక్క, అక్క" అని ఒకటే అరుపు. గౌను చిరిగింది. వాడికి మత్తు సూది వేయమని నర్సును అడిగాను.

"ఇతనికి చీటీ లేదమ్మా. చీటీ లేనివాళ్ళకు సూది వెయ్యకూడదు. రేపు ఏమన్నా అయితే నా ఉద్యోగం పోతుంది."

"ఇప్పుడు ఈమె ప్రాణం పోతే ఎవరి ఉద్యోగమూ పోదా?"

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. అలా అన్నందుకు నాకే బాధేసింది. లోపల డాక్టరుగారు వేచి చూసి చూసి, తర్వాతి మనిషిని తీసుకురమ్మన్నారు.

జిప్పులమ్మ తనే లేచి కూర్చుంది. ఆమె దిగితే వాడూ దిగాడు, గొర్రెపిల్లలా. స్ట్రెచరు మీద వేరే ఆమె పడుకుంది. మళ్ళీ తేదీ కావాలంటే సరైన తోడుమనిషిని తెచ్చుకోమన్నారు.

"అలాగేనండీ" అని బిళ్ళ తిరిగిచ్చేసింది.

గేటు దాటాక ఆమె గోడ పట్టుకుని ఆగింది. ఆపరేషను కోసం ముందురాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టులో రెండు బన్నులు కొన్నాను. తనదాన్లోంచి మొదటి ముక్క తమ్ముడి నోట్లో పెట్టింది. రెండోదీ పెట్టింది. నాది కూడా అందించాను, అదీ వాడి నోట్లోకే పోయింది. ఇంకొకటి కొనబోతే నా కొంగు పట్టుకుని ఆపింది.

"వద్దు పిన్నిగారూ. కనిపిస్తే అదీ కావాలంటాడు. ఇంటికెళ్ళి వీణ్ణి పడుకోబెట్టాక తింటాను."