ఐరిసమ్మ నేర్పిన తిరుగుడు

పక్క గదిలో మనవలు క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లుకుని, నున్నగా అయిందో లేదో చూడమని నన్ను పిలిచారు. వెళ్ళి బోర్డు మీద అరచెయ్యి పెట్టి రాశాను. చల్లగా, మెత్తగా, పట్టు దొరక్కుండా జారిపోయే ఆ నునుపు నా చేతికి కొత్త. పాదాలకు మాత్రం పాతదే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బులో నాట్యానికి ముందు చెక్క నేల మీద ఇలాంటి పౌడరే చల్లేవాళ్ళు. ఆ నేల మీద నాకు తిరగడం నేర్పిన మనిషి పేరు ఐరిస్. మేము ఐరిసమ్మ అనేవాళ్ళం. ఆమెను కళ్ళతో చూసినవాళ్ళలో మా ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది నిజామాబాదులో. కాపురానికి బోధన్ వచ్చేనాటికి అక్కడి ఫ్యాక్టరీ కొత్తది. మా ఆయన అందులో కెమిస్టు. పెళ్ళికి కొంతకాలం ముందు నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోయింది గాని తల తిరగడం మిగిలిపోయింది. విసుర్రాయి ముందు కూర్చున్నా, గుడిలో ప్రదక్షిణ చేసినా, ఎదుటి గోడలు కదిలేవి. కాసేపు గుంజను పట్టుకుని నిలబడితే సర్దుకునేది. అత్తవారింట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు కొత్త కోడలినని నన్ను వాడకట్టు ఆడవాళ్ళ మధ్య నిలబెట్టారు. కొంతసేపు చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ అందరితో పాటు తిరిగాను. తర్వాత నేల ఒక పక్కన పైకి లేచింది. పక్కనున్నావిడ కొంగు పట్టుకుని, ఆవిడతో సహా బతుకమ్మల మీద పడ్డాను. తంగేడు పూలు, గునుగు పూలు చెల్లాచెదరయ్యాయి. పాట ఆగిపోయింది. ఎవరో పరుగున వెళ్ళి తాళాల గుత్తి తెచ్చి నా పిడికిట్లో పెట్టారు. మూర్ఛ వచ్చినవాళ్ళ చేతికి ఇనుము ఇస్తారు. ఆ గుత్తి నా చేతిలో పడ్డప్పటి నుంచి వాడకట్టు లెక్కలో నేను మూర్ఛ మనిషిని.

మా అత్తమ్మ చెడ్డది కాదు, భయస్థురాలు. ఆ సాయంత్రం మా ఆయనతో అంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. “ఈ పిల్లకు ఫిట్సు ఉన్నట్టున్నదిరా. రేపు పొయ్యిల పడితె పానం పోతది, మాట మన మీదికి వస్తది. వాళ్ళ బాపును పిలిపించు, తోలుకపొమ్మను.”

“డాక్టరుకు చూపిచ్చినంక మాట్లాడుదం అవ్వా,” అన్నాడాయన. కాదు అనలేదు. ఆ రోజుల్లో మగవాడు తల్లి ముందు అంతకంటే ఎక్కువ అనేవాడు కాదు.

ఫ్యాక్టరీ దవాఖానకు నాతో అత్తమ్మ కూడా వచ్చింది. డాక్టరు నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, కళ్ళలోకి లైటు వేసి చూసి, ఇది మూర్ఛ కాదని చెప్పాడు. అత్తమ్మ నమ్మలేదు. అప్పుడాయన నవ్వి, “మా నర్సమ్మను అడుగు. తిరుగుడు సంగతి ఆమెకే బాగ ఎరుక. క్లబ్బుల దొరసాన్లకు డాన్సు నేర్పుతది,” అన్నాడు.

బల్ల దగ్గర కట్టు గుడ్డలు మడుస్తున్న ఐరిసమ్మ తలెత్తింది. నలభై దాటిన మనిషి, బక్కపలచన, తెల్ల గౌను. ఇంగ్లీషో ఉర్దూనో మాట్లాడుతుందనుకున్నాను. ఆమె తండ్రి నిజామాబాదు స్టేషనులో రైలు గార్డట. పెంచిన తెలుగు ఆయా మాటే ఆమె మాట.

“పడ్డప్పుడు తెలివున్నదా బిడ్డా?” అని అడిగింది.

“ఉన్నది. అందరి మాటలు వినవడ్డయి.”

“మరి మూర్ఛ ఏడిది? నీకు తిరగరాదు, గంతే. నేర్సుకుంటె వస్తది.”

“తిరుగుడు గూడ నేర్సుకునేదేనా?” అన్నది అత్తమ్మ.

“నడుసుడు నేర్సుకోలేదా అక్కా?”

నాకు లోపల ఏదో సడలింది. అప్పటి వరకు నాకున్నది రోగం. ఆమె దాన్ని రాని పనిగా మార్చింది. రాని పనులు నాకు అప్పటికే చాలా ఉన్నాయి, ఇంకొకటి చేరితే బరువేమీ కాదు.

అలా మొదలైంది నా పాఠం. మధ్యాహ్నాలు క్లబ్బు హాలు ఖాళీగా ఉండేది. మా ఆయన మేనేజరును అడిగి ఒప్పించాడు. ఇంట్లో దాన్ని డాక్టరు చెప్పిన కసరత్తు అనేవాళ్ళం. అది అబద్ధమూ కాదు. అత్తమ్మ ఆకువక్కల సంచి పట్టుకుని వచ్చి, గోడ పక్కన పేము కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేది. ఐరిసమ్మ గ్రామఫోనుకు కీ ఇచ్చి, మగవాళ్ళు పట్టుకునే తీరులో నన్ను పట్టుకునేది. ఆమె కుడి చెయ్యి నా వీపు మీద, నా కుడి చెయ్యి ఆమె ఎడమ చేతిలో. వాల్ట్జ్ అనే ఆ నాట్యంలో జంట తన చుట్టూ తాను తిరుగుతూనే హాలు చుట్టూ సాగాలి. అంటే నన్ను పడగొట్టే పనులు రెండూ ఒకేసారి చెయ్యాలి.

మొదటి రోజు నేను కిందికి చూస్తూ తిరిగాను. అరచుట్టు కూడా కాకముందే ఆమె భుజం మీద వాలిపోయాను.

“నేల దిక్కు సూడకు. నేల నీకంటె ముందు తిరుగుతది,” అన్నది. “నా భుజం మీదికెల్లి దూరం సూడు. తల వంచకు. కండ్లు మూయకు, మూస్తె ఇంక ఎక్కువైతది. ఊపిరి బిగవట్టకు.”

జంటగా తిరగడానికి ముందు ఒంటరిగా తిరగడం నేర్పింది. కిటికీ చువ్వ ఒకటి చూపించి, ఒళ్ళు మెల్లగా తిప్పమనేది. మెడ తిరిగినంత వరకు చూపు ఆ చువ్వ మీదే ఉండాలి. మెడ ఇక తిరగదన్నప్పుడు తలను చటుక్కున తిప్పి మళ్ళీ ఆ చువ్వనే పట్టుకోవాలి. “ఒళ్ళు ముందు పోవాలె, తల ఎనుక పోయి ముందుగాల చేరాలె,” అనేది. కుడికి తిరిగాక కాసేపు ఆగి ఎడమకు తిప్పేది. ఖాళీ కడుపుతో రావద్దనేది, నిండుగా తిని కూడా రావద్దనేది. కడుపులో తిప్పడం మొదలైతే ఆ రోజుకు అక్కడితో సరి. మొండిగా ఇంకో చుట్టు తిరుగుతానంటే గ్రామఫోను ఆపేసేది.

ఇంట్లో వంటగది కిటికీ ముందు సాధన చేసేదాన్ని. అత్తమ్మ ఒకసారి వచ్చి చూసి, “పొయ్యి కాడ వద్దు, అర్రలకు పో,” అన్నది. గది మార్చమన్నది గాని మానేయమనలేదు. చెరకు బండ్లు ఫ్యాక్టరీ దారి పట్టి, చక్కెర మడ్డి వాసన ఊరంతా కమ్ముకున్న రోజులకు నేను ఆమె చేతుల్లో హాలు సగం చుట్టగలిగాను. బండ్లు ఆగిపోయే వేసవికి హాలంతా చుట్టాను. అత్తమ్మ కుర్చీలోంచి దిగి, గ్రామఫోను దగ్గరికి వెళ్ళి, “ఇంకోపారి పెట్టు,” అన్నది.

ఆ రోజుల్లోనే ఐరిసమ్మ తన సంగతి నాకు చెప్పింది. అత్తమ్మ కుర్చీలో కునుకు తీస్తున్నది. ఐరిసమ్మ ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కదలకుండా నిలబడింది. ఏమైందని అడిగాను.

“చెవుల కూత పెడుతున్నది. ముందుగాల కూత, దాని ఎనుక తిరుగుడు. నేను కదలకున్నా గోడలు తిరుగుతయి. ఏండ్ల సంది ఉన్నది.”

“మీరు నేర్పినట్టే చేస్తె పోదా?”

“నీది అలవాటుతోని పోతది బిడ్డా. నాది పోదు. నాది చెవి రోగం.” అత్తమ్మ వైపు చూసి గొంతు తగ్గించింది. “ఎవలికి చెప్పకు. మందుసీసలు పట్టే చేతులు. నర్సుకు తల తిరుగుతదంటె కొలువుల ఉంచుకుంటరా?”

నేను ఎవరికీ చెప్పలేదు. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. ఆ కొలువే ఆధారం.

మళ్ళీ బతుకమ్మ వచ్చింది. వాడకట్టు ఆడవాళ్ళు నన్ను అరుగు మీద కూర్చోమన్నారు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని వరుసలో నిలబెట్టి, తాను నా పక్కన నిలబడింది. నడుమ ఉన్న పూల కొస మీద చూపు నిలిపి చివరి పాట దాకా తిరిగాను. ఎవరూ మెచ్చుకోలేదు. మా నాన్నను పిలిపించే మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఆ చలికాలం క్లబ్బులో పెద్ద విందు పెట్టుకున్నారు. ఆ విందుకు కొన్ని రోజుల ముందు ఒక మధ్యాహ్నం మేనేజరు దొరసాని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో మా పాఠం చూడడానికి వచ్చింది. ఐరిసమ్మ నన్ను పట్టుకుని మొదలుపెట్టింది. హాలు సగం చుట్టేసరికి నా వీపు మీద ఆమె చెయ్యి బరువెక్కింది. “బిడ్డా, వచ్చింది,” అన్నది చెవిలో. నేను కాళ్ళు నిలదొక్కుకుని, ఆమెను నడుము దగ్గర బిగించి పట్టుకుని గోడ వైపు నడిపించబోయాను. బక్కపలచనైనా నాకంటే పొడుగు మనిషి. పౌడరు మీద ఆమె కాలు జారింది. ఇద్దరం పడ్డాం. ఆమె అక్కడే వాంతి చేసుకుంది.

దొరసాని పక్కనున్న ఆవిడతో ఏదో అన్నది. నాకు వచ్చిన కొద్ది ఇంగ్లీషులో “డ్రంక్” అన్న మాట ఉన్నది. తాగిందని. గ్రామఫోను ఇంకా పాడుతూనే ఉంది. అత్తమ్మ లేచి వచ్చింది. మడి, మైల పట్టింపులున్న మనిషి, మా వంటింట్లోకి పరాయివాళ్ళ నీడ పడనిచ్చేది కాదు. నేల మీద కూలబడి తన కొంగుతో ఐరిసమ్మ మూతి తుడిచి, తల ఒళ్ళో పెట్టుకుంది. “తాగలేదు ఈమె. దినాం సూస్తున్న నేను,” అని దొరసానితో తెలుగులోనే అన్నది. ఆమెకు అర్థమయిందో లేదో తెలియదు. ఐరిసమ్మ రహస్యం నా దగ్గర ఉంది. చెప్పాలా వద్దా అని ఆమె ముఖం చూశాను.

ఆమె మోచేతి మీద లేచి తానే చెప్పింది. ముందు ఇంగ్లీషులో, తర్వాత మా కోసం తెలుగులో. “తాగలేదు. నాకు చెవి రోగమున్నది. తిరుగుతది. మల్ల గూడ వస్తది.” దవాఖానలో ఎవరికో జ్వరమెంతుందో చెప్పినట్టు చెప్పింది.

క్లబ్బులో పాఠాలు ఆ రోజుతో ఆగిపోయాయి. దవాఖానలో డాక్టరు గట్టిగా పట్టుబట్టినా, ఆ ఏటి చెరకు గానుగ ఆగేదాకానే ఆమెను ఉంచుకున్నారు. తర్వాత సికింద్రాబాదులో చెల్లెలి ఇంటికి బయలుదేరింది. స్టేషనుకు నేను, అత్తమ్మ వెళ్ళాం. అత్తమ్మ సజ్జ రొట్టెలు గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. రైలు కదలడానికి ముందు ఉండబట్టలేక అడిగాను.

“కాలు జారి పడ్డనంటె అయిపోతుండె గదా. ఎందుకు చెప్పినరు?”

“వాంతికేం చెప్పాలె? తాగిందనుకుంటె అనుకోనియ్యి అని ఊకుందామనుకున్న ఒక్క నిమిషం. ఇంక తాగనని మాటిస్తె కొలువు ఉంచేటోళ్ళే.” నవ్వింది. “గని మల్ల పడుత గదా బిడ్డా. అప్పుడేం చెప్పాలె? చెప్పుడైతె అయిపోయింది. ఇగ ఎక్కడ పడ్డా పడుడొక్కటే, భయం లేదు.”

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చెల్లెలి కుటుంబం ఎటో తరలిపోయిందని ఎవరో అన్నారు. ఆమెను మళ్ళీ చూడలేదు. నేను కూడా ఆ క్లబ్బులో మళ్ళీ అడుగు పెట్టలేదు. కోపంతో కాదు, పనేమీ లేక.

చాలా ఏళ్ళకు మా పెద్దమ్మాయికి సంబంధాలు చూశాం. దానికి చిన్ననాటి నుంచి ఉబ్బసం. చలికాలంలో కొన్ని రోజులు కూర్చుని ఊపిరి తీసుకోవడమే పని. పిల్లను చూసుకోవడానికి వచ్చిన మొదటివాళ్ళకు, పలహారాలు పెట్టకముందే ఆ సంగతి చెప్పాను. మర్యాదగా లేచి వెళ్ళిపోయారు. మా ఆడబిడ్డ నా మీద మండిపడింది. “వాళ్ళు అడిగిండ్రా? పెండ్లయినంక తెలిస్తె తెలుస్తుండె గదా!” అన్నది. అమ్మాయి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తప్పు చేశానా అని తెల్లవార్లూ అనుకున్నాను.

తర్వాతి సంబంధం ఏర్గట్ల నుంచి వచ్చింది, పసుపు పండించే కుటుంబం. వాళ్ళకూ అంతే చెప్పాను. ఎప్పుడు వస్తుందో, ఎంతసేపుంటుందో, అప్పుడు ఏం చేస్తామో, పోయే రోగం కాదని కూడా చెప్పాను. పిల్లవాడి తల్లి చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. వాళ్ళూ లేస్తారనుకుని నేను అమ్మాయి వైపు చూడకుండా కూర్చున్నాను. అప్పుడామె భర్త వైపొకసారి చూసి, కొంగు సర్దుకుని అన్నది.

“మా పిలగానికి ఎడమ కంటికి చూపు ఆనదు వదినా. వచ్చినకాడి నుంచి ఎట్ల చెప్పాలెనో తెల్వక కూసున్న.”